గార్డియన్‌గా ఉన్న పెదనాన్న, మా తమ్ముడి పొలం అమ్మేస్తుంటే ఏం చేయాలి?

అమెరికాలో ఉన్న ఒక అక్క అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. తమ్ముడికి 29 ఏళ్లు, 75 శాతం మేధోవైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంది. నాన్న ఎప్పుడో పోయారు. అమ్మ కూడా పోయాక పెదనాన్నగారు కలెక్టరేట్ నుంచి గార్డియన్ కాగితం తెచ్చుకున్నారు. ఇంటి అద్దె, పెన్షన్ ఆయన చేతికే వెళ్తున్నాయి. లెక్క అడిగితే కోపం. ఇప్పుడు నాన్న పేరు మీదున్న పొలానికి బయానా కూడా పుచ్చుకున్నారు. ‘గార్డియన్ని నేను, నా సంతకం చాలు’ అంటున్నారు. తమ్ముడి చేత వేలిముద్ర వేయించి తన పేర జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఒకరి తరఫున పనులు చేసే అధికార పత్రం) తీసుకుంటే సరిపోతుందా అన్నది ఆవిడ ప్రశ్న.

జీపీఏ ఆలోచన ముందు మానేయండి. ఏం రాసిస్తున్నాడో అర్థం చేసుకోలేని మనిషి రాసిచ్చిన కాగితం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11, 12 సెక్షన్ల ప్రకారం చెల్లదు. రాసిచ్చే మనిషికి మతిస్థిమితం లేదని సబ్ రిజిస్ట్రార్‌కు కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 35 చెబుతోంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, రేపు కోర్టులో మీ పెదనాన్నగారి వకీలు ఆ కాగితాన్నే చూపించి ‘అక్క కూడా ఇదే పని చేసింది’ అంటారు. మీ తరఫున మీరు ఇక్కడ ఎవరికైనా జీపీఏ ఇవ్వడం వేరే సంగతి. అది అవసరం, వెంటనే చేయండి. కాన్సులేట్‌లో సంతకం చేసి పంపాక, కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలామంది కాగితం పంపించి ఊరుకుంటారు, గడువు దాటాక పెనాల్టీల గొడవలో పడతారు.

ఇక పెదనాన్నగారి కాగితం. దాని నకలు సంపాదించి మొదట ఏ చట్టం కింద ఇచ్చారో చూడండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చిందైతే అది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇచ్చినది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే ఆ చట్టం వర్తిస్తుంది. 18 నిండితే తల్లిదండ్రుల సహజ సంరక్షణ కూడా చట్టరీత్యా ముగిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత కన్నతల్లి అయినా ఈ కమిటీ దగ్గరికే రావాలి. కమిటీలో కలెక్టర్‌తో పాటు ఒక రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. దరఖాస్తు ఫారం-ఏ, నియామక పత్రం ఫారం-బి. ఆ ఫారం-బిలో గార్డియన్ని ఏ పనుల కోసం పెట్టారో చదవండి. అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఎందుకోసం అన్నది తేల్చాకే కమిటీ నియమించాలని సెక్షన్ 14లో ఉంది. పోషణ కోసం ఇచ్చిన కాగితాన్ని ఆస్తి కాగితంగా చూపించి తిరిగేవాళ్లు తక్కువేం కాదు.

ఆస్తి బాధ్యత కూడా అందులో ఉందనుకుందాం. అప్పుడు సెక్షన్ 16 ముందుకొస్తుంది. మీ తమ్ముడికి ఈ చట్టం ఇచ్చిన అసలు రక్షణ అక్కడే ఉంది. నియమించిన 6 నెలల్లోగా గార్డియన్ ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. స్థిరాస్తి, చరాస్తి, రావాల్సిన బాకీలు, తీర్చాల్సిన అప్పులు, అన్నీ అందులో ఉండాలి. దానికి ఫారం-సి. ఆపైన ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోగా, అంటే జూన్ ఆఖరుకల్లా, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న లెక్క ఇవ్వాలి. దానికి ఫారం-డి. ఈ రెండు ఫారాలూ దాఖలు చేసే గార్డియన్లు అరుదు. దాఖలు చేయలేదేమని అడిగే కార్యాలయాలు ఇంకా అరుదు. కాబట్టి పెదనాన్నగారి ఫైలు ఖాళీగా ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఖాళీయే మీ చేతికి దొరికే మొదటి ఆధారం. ఆయన డబ్బు తిన్నారని రుజువు చేయడం కష్టం. చట్టం అడిగిన లెక్క ఇవ్వలేదని రుజువు చేయడానికి ఒక ఉత్తరం చాలు.

ఆ ఉత్తరం జిల్లాలోని వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయానికి రాయాలి (ఆంధ్రప్రదేశ్‌లో ఇదే శాఖను విభిన్న ప్రతిభావంతుల శాఖ అంటారు). కమిటీ ఫైళ్లు సాధారణంగా అక్కడే ఉంటాయి. ‘ఫలానా నంబరు నియామక పత్రం కింద గార్డియన్ దాఖలు చేసిన ఆస్తుల జాబితా, ఏటేటి లెక్కల నకళ్లు ఇప్పించండి, దాఖలు చేయకపోతే చేయలేదని రాసివ్వండి’ అని అడగండి. సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు, జిల్లా కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. అయితే అందులో ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పికొట్టే వీలుంది. అందుకే మీరు రక్తసంబంధీకురాలిగా కమిటీకే నేరుగా రాసే దరఖాస్తు ఎక్కువ బలమైనది. దాన్ని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల రోజున, తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇప్పించి నంబరు తీసుకోండి. నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే.

గార్డియన్ని తొలగించే దారి సెక్షన్ 17. తల్లి, తండ్రి, బంధువు లేదా రిజిస్టర్డ్ సంస్థ అడగొచ్చు. రక్తసంబంధం, పెళ్లి, దత్తత, దేనివల్ల బంధువైనా ఈ చట్టం దృష్టిలో బంధువే. అడిగేవారు అమెరికాలో ఉన్నారా, అక్కడి పౌరసత్వం తీసుకున్నారా అన్నది ఇక్కడ అడ్డం కాదు. కారణాలు రెండే: మనిషిని హింసించడం లేదా పట్టించుకోకపోవడం ఒకటి, ఆస్తిని కాజేయడం లేదా పట్టించుకోకపోవడం రెండోది. ‘మాతో మంచిగా ఉండరు, ఫోన్ ఎత్తరు’ లాంటివి రాసి కాగితం పాడుచేయకండి. నియమాల్లో ఏవి వేధింపు, ఏవి నిర్లక్ష్యం అన్నది విడిగా రాసి ఉంది: చాలాసేపు ఒంటరిగా బంధించడం, గొలుసులతో కట్టడం, కమిలేలా కొట్టడం, లైంగిక వేధింపు, తిండి, నీళ్లు, బట్టలు అందకుండా చేయడం, నిపుణులు చెప్పిన శిక్షణ ఇప్పించకపోవడం, ఆస్తిని దుర్వినియోగం చేయడం. మీ అర్జీలోని ప్రతి పేరా వీటిలో ఏదో ఒకదానికి తగలాలి. శిక్షణ మాన్పించడం చాలామంది గుర్తుపెట్టుకోని కారణం. అమ్మ ఉండగా రోజూ సెంటర్‌కి వెళ్లే కుర్రాడు ఇప్పుడు ఇంట్లోనే కూర్చుంటున్నాడంటే, ఆ సెంటర్ హాజరు పట్టీ ఒక్కటే గట్టి సాక్ష్యం.

అర్జీ అందాక కమిటీ కనీసం ముగ్గురితో విచారణ బృందాన్ని వేయాలి: తల్లిదండ్రుల సంఘం నుంచి ఒకరు, వికలాంగుల సంఘం నుంచి ఒకరు, సహాయ సంచాలకుల స్థాయికి తగ్గని ప్రభుత్వాధికారి ఒకరు. నివేదికకు 10 రోజులు, ఆపై గార్డియన్ మాట విని నిర్ణయం తీసుకోవడానికి ఇంకో 10 రోజులు గడువు. కాగితం మీద ఇది చాలా వేగం. కానీ కమిటీ మూడు నెలలకోసారి కూర్చునే సంస్థ, కలెక్టర్‌కు వేరే పనులు వంద. ఆలస్యమైతే ఈ గడువులనే చూపించి, అర్జీని ఫలానా తేదీలోగా తేల్చమని హైకోర్టులో రిట్ వేయొచ్చు. అలాంటి పరిమితమైన ఉత్తర్వు దొరకడం పెద్ద కష్టం కాదు. కమిటీ నిర్ణయమే తప్పనిపిస్తే దాన్నీ రిట్‌లోనే ప్రశ్నించాలి.

విచారణ బృందం వచ్చినప్పుడు తమ్ముడితో విడిగా మాట్లాడాలని అర్జీలోనే కోరండి. 75 శాతం వైకల్యం అంటే ఇష్టాయిష్టాలు లేవని కాదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 14 ప్రకారం, వేరే ఏ చట్టం కింద నియమితుడైన గార్డియన్ అయినా ఇప్పుడు పరిమిత గార్డియన్‌గానే పనిచేయాలి. నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, ఆ మనిషి ఇష్టానికి లోబడి ఉండాలి. అదే చట్టం సెక్షన్ 13లో ఇంకో మాట ఉంది. ఏ లావాదేవీలోనైనా సాయం చేసే వ్యక్తి ప్రయోజనం, వైకల్యం ఉన్న వ్యక్తి ప్రయోజనం ఢీకొంటే, సాయం చేసేవారు ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలి. కొనేది పెదనాన్నగారి బావమరిదో వియ్యంకుడో అయితే ఈ వాక్యం మీకు బంగారం.

ఇప్పుడు పొలం. ఇక్కడ చట్టంలో ఒక ఖాళీ ఉంది, దాచడం అనవసరం. మైనర్ల విషయంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 29 స్పష్టంగా ఉంది: కోర్టు నియమించిన గార్డియన్ కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అయిదేళ్లు దాటి కౌలుకివ్వకూడదు. 1999 చట్టంలో అలాంటి సెక్షన్ విడిగా లేదు. ‘నా సంతకం చాలు’ అన్న ధైర్యం అక్కడి నుంచే వస్తుంది. (పెద్దవాళ్ల కోసం 1890 చట్టం కింద పిటిషన్ వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది మైనర్లకే. వేసిన పిటిషన్ నిలబడదు, నెలలు పోతాయి.)

అయినా ఆయన దారి అనుకున్నంత సాఫీగా లేదు. పొలం మీ నాన్న పేర ఉంది. ఆయన, అమ్మ పోయాక వారసులు మీరిద్దరే. అంటే అందులో సగం మీది. గార్డియన్ కాగితం తమ్ముడి వాటాకే గానీ మీ వాటాకు కాదు. పంపకం కాని పొలాన్ని మీ సంతకం లేకుండా పూర్తిగా అమ్మడం ఆయనకు సాధ్యం కాదు. కాబట్టి అమ్మకాన్ని ఆపడానికి మీ దగ్గరున్న పదునైన ఆయుధం గార్డియన్ చట్టం కాదు, మామూలు భాగపరిష్కార దావా, అంటే ఆస్తి పంచమని వేసే కేసు. పొలం ఉన్న చోటి సివిల్ కోర్టులో వేసి, దాంతోపాటే అమ్మకూడదని మధ్యంతర ఇంజంక్షన్ అడగండి. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని వేస్తే కోర్టు ఫీజు నామమాత్రమే. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 వల్ల ఆ కొనుగోలు కోర్టు తీర్పుకు కట్టుబడే ఉంటుంది.

దావా వేసేలోగా రెండు పనులు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఇప్పటికే ఏదైనా రిజిస్టర్ అయిందేమో చూడండి. తర్వాత కొనబోయే వ్యక్తికి, సబ్ రిజిస్ట్రార్‌కు (తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే తహసీల్దార్‌కు) వకీలు ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. కోర్టు ఉత్తర్వు లేకుండా ఒట్టి అభ్యంతర పత్రం చూసి సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ ఆపుతారని ఆశ పెట్టుకోకండి. ఆ నోటీసు అసలు ప్రయోజనం వేరు. అది అందుకున్నాక కొనేవాళ్లు ‘మాకు తెలియదు, మంచి నమ్మకంతో కొన్నాం’ అనలేరు. చాలా బేరాలు ఆ దశలోనే చెదిరిపోతాయి, బయానా వెనక్కి అడగడం మొదలవుతుంది.

ఈ దావాలో తమ్ముడి తరఫున ఎవరు? సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 15వ రూల్ ప్రకారం, తన ప్రయోజనం తాను కాపాడుకోలేని వ్యక్తికి కోర్టు ఒక సంరక్షకుణ్ణి పెడుతుంది. అతని ప్రయోజనం ఆ వ్యక్తికి వ్యతిరేకంగా ఉండకూడదు. మీరు వాటా అడుగుతున్నారు కాబట్టి మీరు పనికిరారు. మీ పెదనాన్నగారు అసలే పనికిరారని కోర్టుకు చెప్పండి. మేనమామో పిన్నో ఉంటే వాళ్లు, లేదంటే కోర్టే ఒక వకీలుని పెట్టొచ్చు. ఈ కోర్టు గార్డియన్ ఆ దావా వరకే. కోర్టు అనుమతి లేకుండా రాజీ పడకూడదు, పడితే ఆ రాజీని తమ్ముడి తరఫున కొట్టేయించవచ్చు. డిక్రీ సొమ్ము తీసుకోవడానికీ అనుమతి కావాలి. పెద్దలు కూర్చుని ‘లోక్ అదాలత్‌లో తేల్చేసుకుందాం’ అన్నప్పుడు ఈ అనుమతి అడగడం మర్చిపోతారు. ఏళ్ల తర్వాత రాజీలు కూలిపోయేది అక్కడే.

ఆస్తి ఇప్పటికే చేయిదాటి ఉంటే? కాలదోషం గురించి మరీ బెంగపడకండి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 6 ప్రకారం, మతిస్థిమితం లేని వ్యక్తి విషయంలో ఆ స్థితి ఉన్నంతకాలం దావా గడువు మొదలుకాదు. కానీ ఇది తమ్ముడి వాటాకు వర్తించే వెసులుబాటు, మీ వాటాకు కాదు. మీ గడియారం నడుస్తూనే ఉంటుంది.

కొత్త గార్డియన్ విషయంలో: భారత పౌరులై ఉండాలి, నేరం రుజువై ఉండకూడదు, దివాలా తీసి ఉండకూడదు, ఇతరుల మీద ఆధారపడి బతికే స్థితి ఉండకూడదు. మీకు గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే పౌరసత్వం అడ్డం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారి కార్డు)కి మారితే అర్హత లేదు. అర్హత ఉన్నా, డల్లాస్‌లో ఉంటూ గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న మనిషిని ఎలా చూస్తారని కమిటీ అడుగుతుంది, అది న్యాయమైన ప్రశ్నే. దగ్గర్లో ఉన్న పిన్నిగారి పేరో, రిజిస్టర్డ్ సంస్థ పేరో సూచించడం మంచిది. భాగపరిష్కారం తేలకముందే మీరే గార్డియన్ కావాలని అడగడం తెలివైన పని కాదు. ఆస్తిలో మీ వాటా, తమ్ముడి వాటా ఒకే చేతిలో ఉంటే, ఇప్పుడు మీరు పెదనాన్నగారి మీద వేస్తున్న అనుమానమే రేపు మీ మీద వస్తుంది. తొలగించిన గార్డియన్ ఆస్తినంతా కొత్తవారికి అప్పగించి, తన చేతికి వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. తొలగింపు ఉత్తర్వులోనే అందుకో తేదీ వేయించండి.

పెన్షన్ సంగతి చిన్నది కాదు. ఆంధ్రలో వికలాంగుల పెన్షన్ నెలకు 6,000, తెలంగాణలో 4,016. ఏడాదికి లెక్కేస్తే లెక్కల ఫారంలో కనిపించాల్సిన మొత్తమే. తమ్ముడి పేర విడిగా ఖాతా ఉండాలి, గార్డియన్ దాన్ని నడపొచ్చు. పెదనాన్నగారి సొంత ఖాతాలో ఆ డబ్బు, అద్దె కలిసిపోయి ఉంటే అదే ప్రశ్నించాల్సిన విషయం.

తమ్ముణ్ణి కొడుతున్నారని, తిండి పెట్టడం లేదని తెలిస్తే కమిటీ కోసం ఎదురుచూడకండి. 2016 చట్టం సెక్షన్ 7 కింద ఎవరైనా స్థానిక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, అంటే మండలంలో తహసీల్దార్‌కు, ఫిర్యాదు చేయొచ్చు. మనిషిని వెంటనే కాపాడే అధికారం ఆయనకు ఉంది. తన ఆధీనంలో ఉన్న వైకల్యం గల మనిషికి కావాలని తిండి, నీళ్లు ఇవ్వకపోవడం సెక్షన్ 92 కింద నేరం. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా శిక్ష. వకీలు ఖర్చు గురించి: వైకల్యం ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయించండి.

ఇలాంటి ప్రశ్నే వేరే జబ్బుల గురించి అడిగేవారికి ఒక్క మాట. ఇంట్లో మనిషి కోమాలో ఉన్నా, మతిమరపు జబ్బుతో ఉన్నా, స్కిజోఫ్రీనియాతో ఉన్నా ఈ కమిటీ దరఖాస్తు తీసుకోదు. మానసిక వ్యాధి ఉన్నవారి ఆస్తికి జిల్లా కోర్టు మేనేజర్ని పెట్టే ఏర్పాటు 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఉండేది. దాన్ని రద్దు చేసి తెచ్చిన 2017 చట్టంలో చికిత్స నిర్ణయాలకు నామినేటెడ్ ప్రతినిధి ఉన్నాడు గానీ, ఆస్తి ఊసు లేదు. వీరికి 2016 చట్టం కింద పరిమిత గార్డియన్ని జిల్లా కోర్టులో అడగొచ్చు. కోమా అయితే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేయాలి. కేరళ హైకోర్టు 2019లో దీనికి పద్ధతి రాసిపెట్టింది: మెడికల్ బోర్డు నివేదిక, తహసీల్దార్ స్థాయికి తగ్గని అధికారి విచారణ, ఆస్తుల పూర్తి వివరాలు, ఆ తర్వాత 6 నెలలకోసారి లెక్క. 2024లో మద్రాసు హైకోర్టు కోమాలో ఉన్న భర్త ఆస్తి అమ్ముకోవడానికి భార్యకు అనుమతిస్తూనే, 50 లక్షలు ఆయన పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని షరతు పెట్టింది.

నాన్న బాగున్నప్పుడు ఇచ్చిన జీపీఏ ఉందిగా అని, ఆయనకు మతి తప్పాక కూడా దాని మీదే ఆస్తులు అమ్ముతుంటారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అలాంటి అమ్మకాన్ని తర్వాత ఏ వారసుడైనా తిరగదోడొచ్చు.

దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది సర్టిఫికెట్ దగ్గర. యూడీఐడీ కార్డులో (వికలాంగుల గుర్తింపు కార్డులో) మేధోవైకల్యం అని కాక మానసిక వ్యాధి అని పడితే, కమిటీ ‘మా పరిధి కాదు’ అని ఫైలు మూసేస్తుంది. మీ తమ్ముడి కార్డులో ఏ మాట ఉందో ముందు చూసుకోండి. తప్పు పడి ఉంటే జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డులో సరిచేయించాకే తొలగింపు అర్జీ వేయండి. లేదంటే పెదనాన్నగారి నియామకమే చెల్లదన్న వాదనలో పడి, అసలు లెక్కల విషయం పక్కకు పోతుంది.